కాదన్నది ఎవరు?

పాత కంప్యూటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ వేయడానికి కూచున్నవాళ్ళకి ఒక తెర బాగా తెలుసు. గీత సగందాకానో ముప్పాతికదాకానో వచ్చి ఆగుతుంది. కాసేపటికి చిన్న పెట్టె ఒకటి తెరుచుకుని ఇన్‌స్టలేషన్ విఫలమైందని చెబుతుంది. కింద అర్థం కాని అంకె, దాని కింద ‘ఓకే’ బటన్. ఒప్పుకోవడం తప్ప ఇంకో దారి ఇవ్వదు. చాలామంది అక్కడే లేచిపోతారు. రిపేరు షాపుకి పట్టుకెళ్తే, “సిస్టమ్ పాతదైపోయింది సార్, కొత్తది తీసుకోండి” అంటారు. నాకు మాత్రం ఆ పెట్టె కనబడగానే ఒక్కటే అడగాలనిపిస్తుంది. ఈ కాదన్నది ఎవరు? ప్రాసెసరా, ర్యామా, పెన్‌డ్రైవా? లేక ఇలాంటి కంప్యూటర్లు ఇక అక్కర్లేదని ఎక్కడో ఒక గదిలో కూచుని తీర్మానించిన మనుషులా? తెర మీది వాక్యం ఒకటే ఉంటుంది, వెనక కారణాలు వేరు. ఆ కారణమేదో తేల్చుకోకుండా కొత్తది కొనడం గానీ, ఉన్నదాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేయడం గానీ ఆ యంత్రానికీ, దాన్ని కష్టపడి కొనుక్కున్న మనిషికీ చేసే అన్యాయమని నా గట్టి నమ్మకం.

తెనాలిలో మా పెదనాన్నకి డీటీపీ సెంటర్ ఉండేది. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడూ ఎవరిదో కవితా సంపుటి. షాపు మూసేశాక కంప్యూటరు ఇంటి ముందుగదిలోకి వచ్చింది. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, జీ31 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, రెండు డీడీఆర్2 ర్యామ్‌లు కలిపి 2 జీబీ. 2009 ప్రాంతంలో మన ఊళ్ళల్లో డీటీపీ సెంటర్లలోనూ నెట్ సెంటర్లలోనూ తరచు కనబడిన కూర్పే ఇది. అందులో విండోస్ 7, పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు, ఏళ్ళ తరబడి ఆయన కొట్టిన తెలుగు. ఇప్పుడాయన కోరిక చాలా చిన్నది. “నెట్‌లో పేపరు చదువుకోవాలి, మనవరాలితో వీడియోలో మాట్లాడాలి, నా పాత ఫైళ్ళు పోగూడదు. అయితే చెయ్యి అబ్బాయ్, కాకపోతే అలాగే ఉండనీ” అన్నారు.

కొత్త బ్రౌజర్ దింపుదామంటే ఏ సైటూ తెరుచుకోలేదు. కనెక్షన్‌కి భద్రత లేదన్న మాటే ప్రతిచోటా. మూల చూస్తే తేదీ 2009 జనవరి 1. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్ ఒకటుంటుంది, సీఆర్2032 అంటారు. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. ఆ కొలతలే దాని పేరులోని అంకెలు. కరెంటు తీసేసినప్పుడు గడియారాన్ని నడిపేది అదే, అది అయిపోయింది. ప్రతి వెబ్‌సైటూ చూపించే సర్టిఫికెట్టు మీద ఫలానా రోజు నుంచి ఫలానా రోజుదాకా చెల్లుతుందని ఉంటుంది. ఈ కంప్యూటరు లెక్కలో అవన్నీ ఇంకా మొదలే కాని సర్టిఫికెట్లు. కాబట్టి అది కాదనడం సబబే. దాని తర్కంలో పొరపాటు లేదు, దానికి అందిన తేదీ తప్పు. సెల్ మార్చి తేదీ సరిచేస్తే సైట్లు తెరుచుకున్నాయి.

దీనికి తిరగేసిన సంగతి ఒకటి ప్రపంచమంతా జరిగింది. 2021 సెప్టెంబరు 30న ఒక మూల సర్టిఫికెట్టు గడువు తీరింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్లు చాలావాటికి పాత పరికరాల్లో అదే ఆధారం. ఆ రోజు నుంచి ఎన్నో పాత పరికరాలు తేదీ సరిగ్గా ఉండి కూడా ఆ సైట్లు తెరవలేకపోయాయి. వాటి హార్డ్‌వేర్‌లో వీసమెత్తు లోపం రాలేదు. కావలసిందల్లా కొత్త మూల సర్టిఫికెట్టు ఉన్న ఒక చిన్న ఫైలు. ఆ ఫైలు పంపే బాధ్యత ఉన్న తయారీదారులు చాలామంది అప్పటికే ఆ పరికరాల్ని వదిలేసి ఉన్నారు. పరికరమే పాడైందనుకుని కొత్తది కొన్నవాళ్ళు ఎందరుంటారో!

సైట్లు తెరుచుకున్నా పని కాలేదు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. క్రోమ్ 109వ వెర్షన్‌తోనే దానికి సెలవు చెప్పింది. మరి విండోస్ 11? ఈ కంప్యూటర్లో అది ఎక్కదని అందరికీ తెలిసిందే. కానీ ఎందుకు ఎక్కదన్న దగ్గర ఆగి చూడాలి, ఎందుకంటే ఈ ఒక్క కంప్యూటరు మీదే రెండు రకాల కాదనడాలు కనిపిస్తాయి. 2021 అక్టోబరులో విడుదలైనప్పుడు విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలన్నారు, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే అన్నారు. అంటే 2017 తర్వాతివి. ఆ తనిఖీని తప్పించి పాత కంప్యూటర్లలో వేసుకున్నవాళ్ళు కోకొల్లలు, నడిచింది కూడా. అది నియమం అన్న ‘కాదు’. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ సంగతి వేరు. దాని కోడ్ పాప్‌కౌంట్ అనే ప్రాసెసర్ ఆదేశాన్ని వాడుతుంది. ఒక సంఖ్యలో ఎన్ని ఒకట్లున్నాయో ఒకేసారి లెక్కపెట్టే ఆదేశం అది. కోర్ 2 డ్యుయోలో ఆ ఆదేశం లేదు. ఏ తనిఖీని తప్పించినా ఆ కోడ్ అక్కడ నడవదు. అది సిలికాన్ అన్న ‘కాదు’.

నియమం పెట్టడమే తప్పని నేననను. తాళంచెవుల్లాంటి రహస్యాల్ని విడి చిప్‌లో దాచడానికి గట్టి భద్రతా కారణాలున్నాయి. పదిహేనేళ్ళనాటి ప్రతి బోర్డు మీదా పరీక్ష చేసి చూడమని ఏ కంపెనీనీ అడగలేం. కానీ ‘చేతకాదు’ అన్నదాన్నీ ‘మేం ఒప్పుకోం’ అన్నదాన్నీ ఒకే వాక్యంలో కలిపి చెప్పడం నాకు సమ్మతం కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు కూడా ఆగింది. దానివల్ల 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి చేరే ప్రమాదముందని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023లోనే అంచనా వేసింది. అన్ని కోట్ల ఇళ్ళల్లో, బళ్ళల్లో, చిన్న షాపుల్లో మనుషులు ఆ వాక్యం చదువుకుని తమ కంప్యూటర్‌కి చేతకాదనే అనుకుంటారు. కారణం తెలిస్తే వాళ్ళలో కొందరైనా వేరే దారి వెతుక్కుంటారు.

మేము వెతుక్కున్న దారి డెబియన్ లినక్స్. పాత హార్డ్ డిస్క్ ఊడదీసి పక్కన పెట్టి, చవకలో వచ్చిన చిన్న ఎస్ఎస్‌డీ తగిలించాను. పెదనాన్న ఫైళ్ళున్న డిస్క్ పని పూర్తయ్యేదాకా ఆ కంప్యూటర్లో ఉండకూడదని నా నియమం. డెబియన్ ఇన్‌స్టాలర్లో భాషల జాబితాలో తెలుగు ఉంది. ఎంచుకోగానే ప్రశ్నలన్నీ తెలుగులోకి మారాయి. పెదనాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక్కొక్క తెరా పైకి చదివారు. ఎవరో తెలుగువాళ్ళు పేరు కోసం కాకుండా కూచుని అనువదించిన వాక్యాలవి, ఆ పనికి నేను చేతులెత్తి మొక్కుతాను.

బేస్ సిస్టమ్ ఎక్కుతుండగా ఆగింది. ఈ ఇన్‌స్టాలర్ దగ్గర మంచి గుణం ఒకటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే లోపల ఏం జరుగుతోందో వరుసవరుసగా రాసుకున్న చిట్టా కనిపిస్తుంది. ఒక ప్యాకేజీ పాడైపోయి ఉందని అందులో ఉంది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఆగింది, కానీ ఈసారి పాడైందన్న ప్యాకేజీ వేరు. పెన్‌డ్రైవ్ మీద అనుమానం రావడం సహజం. దింపుకున్న ఐఎస్ఓ ఫైలుకి షా-256 లెక్క కట్టాను. ఎంత పెద్ద ఫైలునైనా 64 అక్షరాల గుర్తుగా కుదించే లెక్క అది. ఫైలులో ఒక్క బిట్ తారుమారైతే ఆ గుర్తు పోలిక లేకుండా మారిపోతుంది. డెబియన్ వాళ్ళు ప్రకటించిన గుర్తుతో సరిపోయింది. పెన్‌డ్రైవ్‌లోకి రాసినదాన్ని తిరిగి చదివించి పోల్చాను, అదీ సరిపోయింది. అదే పెన్‌డ్రైవ్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెడితే ఏ పేచీ లేకుండా నడిచింది.

ఇలాంటప్పుడు నేను నమ్మే సూత్రం ఒకటుంది. ప్రతిసారీ ఒకేచోట ఆగితే తప్పు ఫైలులోనో ప్రోగ్రాంలోనో ఉంటుంది. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే హార్డ్‌వేర్‌ని చూడాలి: ర్యామ్, పవర్ సప్లయ్, వేడి, వదులైన కేబుల్. సాఫ్ట్‌వేర్ ఒకే దారిలో నడుస్తుంది కాబట్టి ఒకేచోట తడబడుతుంది. వదులైన లోహానికి అలాంటి నిలకడ ఉండదు. ఇంకో సంగతి, ఒకసారికి ఒక్కటే మార్చాలి. ర్యామూ కేబులూ పెన్‌డ్రైవూ కలిపి మార్చేస్తే పని జరిగినా తప్పెవరిదో తెలియదు. తెలియని తప్పు మళ్ళీ వస్తుంది.

మెమ్‌టెస్ట్ పెట్టాం. ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండానే నేరుగా నడిచే చిన్న ప్రోగ్రాం అది. 1990లలో క్రిస్ బ్రేడీ రాసినదానికి వారసులు ఇవాళ వాడుతున్న వెర్షన్లు. ర్యామ్‌లో ప్రతి గదిలోనూ సున్నాలూ ఒకట్లూ రకరకాల వరసల్లో రాసి, తిరిగి చదివి, రాసిందే వచ్చిందా అని చూస్తుంది. రాత్రంతా నడవనిచ్చాం. తెల్లారేసరికి తెర సగం ఎర్రగా ఉంది. రెండు ర్యామ్‌లూ తీసి, బంగారు పూత ఉన్న అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది (మన రిపేరు షాపుల్లో అందరూ చేసే పనే, చాలాసార్లు అదే చాలు), విడివిడిగా మళ్ళీ పరీక్షించాం. ఒకటి శుభ్రంగా దాటింది. రెండోది రుద్దినా ఎరుపే.

అప్పుడు పెదనాన్న అడిగిన ప్రశ్న నన్ను చాలాసేపు పట్టుకుంది. “అది పాడైతే ఇన్నాళ్ళూ విండోస్ ఎలా నడిచిందిరా?” నడిచింది, ఎందుకంటే అడిగినవాళ్ళు లేరు. ర్యామ్‌లో కొన్ని గదులే పాడయ్యాయి. రోజువారీ పనిలో ఆ గదుల్లోకి ఏ బొమ్మ ముక్కో వచ్చి పడితే ఒక చుక్క రంగు మారుతుంది, ఎవరికీ కనబడదు. ఇన్‌స్టాలర్ మాత్రం ప్రతి ప్యాకేజీని విప్పేముందు దాని గుర్తు లెక్కకట్టి సరిచూసుకుంటుంది. ఎన్నాళ్ళనుంచో ఉన్న లోపాన్ని మొదటిసారి అడిగి పట్టుకున్నది అదే. కొత్త సాఫ్ట్‌వేర్ వేయబోతే సిస్టమ్ పాడైందని జనం అంటుంటారు. చాలాసార్లు అది అంతకుముందే పాడై ఉంటుంది.

ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. షాపు ఉన్న రోజుల్లో ఒక కవితా సంపుటి ఫైలు ఉన్నట్టుండి తెరుచుకోక, మొత్తం పుస్తకం మళ్ళీ కంపోజ్ చేశారట. వైరస్ అనుకున్నారట. ఆ ఫైలుని ఏం పాడుచేసిందో ఇప్పుడు తేల్చలేం. కానీ పాడైన ర్యామ్ ద్వారా సేవ్ అయిన ఫైలు పాడయ్యే అవకాశం బాగానే ఉంది. బ్యాకప్ కూడా ఆ ర్యామ్ గుండానే పోతుంది. అందుకే, పాత కంప్యూటర్లో ఏది వేయాలన్నా ముందు ఒక రాత్రి మెమ్‌టెస్ట్‌కి ఇవ్వమని నా దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనోయ్ ట్రేడ్ సెంటర్లో పాత డీడీఆర్2 ర్యామ్‌లు ఇంకా దొరుకుతున్నాయి. 2 జీబీవి రెండు తెచ్చి వేశాం. ఆ బోర్డు భరించేది 4 జీబీయే. వాటినీ ముందు పరీక్షించాకే ఇన్‌స్టాలర్ మొదలుపెట్టాం. చివరిదాకా వెళ్ళింది.

నెట్, వీడియో మాటలు కుదిరాయి. మిగిలింది ఆయన తెలుగు. ఇక్కడే నాకు ఎక్కువ దిగులు. అనూ ఫాంట్లలో కొట్టిన తెలుగు కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కల్ని కూర్చిన ఏర్పాటది. ఫాంట్ తీసేస్తే శుభలేఖ అంతా పొంతన లేని గుర్తులుగా కనిపిస్తుంది. యూనికోడ్ తెలుగుకి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా 128 స్థానాలు ఎప్పుడో కేటాయించింది, కానీ మన ముద్రణ అంతా చాలాకాలం ఆ దారికి రాలేదు. ఫైళ్ళు పేజ్‌మేకర్‌వి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 ఆ వరసలో ఆఖరిది. ఇలాంటి కాలపు ప్రోగ్రాముల్ని కొత్త 64 బిట్ విండోస్‌లో వేయబోతే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. చాలావాటిలో ప్రోగ్రాం 32 బిట్‌దే, 64 బిట్ విండోస్ దాన్ని నడపగలదు. దాన్ని ఎక్కించే సెటప్ మాత్రం 16 బిట్‌ది, దాన్ని నడిపే పొర 64 బిట్ విండోస్‌లో లేదు. సామాను ఇంట్లో పడుతుంది, తెచ్చిన బండే సందులోకి రాదు. జనం మాత్రం ఆ ప్రోగ్రామే చచ్చిపోయిందనుకుని తమ ఫైళ్ళకి నీళ్ళొదులుకుంటారు.

తెలుగు విషయంలో ఇలాంటి కాదనడం మనకి కొత్త కూడా కాదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలు కనిపించేవి. కంప్యూటర్‌కి తెలుగు రాదని తీర్మానించుకున్నవాళ్ళని ఎందరినో చూశాను. ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంట్ ఉంది. కంట్రోల్ ప్యానెల్లో ప్రాంతీయ భాషల దగ్గర సంక్లిష్ట లిపుల గడిలో టిక్ పెట్టి, అడిగినప్పుడు ఎక్స్‌పీ సీడీ వేస్తే చాలు. సీడీ అందరి దగ్గరా ఉండేది కాదు. ఒక భాషంతా ఒక టిక్ వెనక, ఒక సీడీ వెనక ఆగిపోయింది. పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఉచితంగా పంచిన తిరుమల కృష్ణ దేశికాచారి గారిలాంటివాళ్ళు ఆ రోజుల్లో చేసిన మేలు ఎంతటిదో, డబ్బాలు చూసిన కళ్ళకే తెలుస్తుంది.

అన్ని ‘కాదు’లూ ఇంత మొండిగా ఉండవు. 32 బిట్ ప్రాసెసర్ మాత్రమే ఉన్న పాత నెట్‌బుక్‌లో 64 బిట్ లినక్స్ పెట్టి చూడండి. నాకు ఎక్స్86-64 ప్రాసెసర్ కావాలి, ఇక్కడ ఐ686 మాత్రమే కనబడింది, దీనికి తగిన కెర్నెల్ వాడండి అని చెప్పి ఆగుతుంది. ఏం కావాలో, ఏం దొరికిందో, ఏం చేయాలో మూడూ చెప్పింది. విండోస్ ఇచ్చే అంకెల్లో కూడా అర్థం ఉంది, విప్పి చెప్పేవాళ్ళు లేరంతే. 80070070 అన్న కోడ్‌లో చివరి 70ని పదహారు ఆధారపు సంఖ్యగా చదివితే 112. విండోస్ జాబితాలో 112 అంటే డిస్క్‌లో చోటు చాలదని. 80070005లో 5 అంటే అనుమతి లేదని. చోటు లేదన్న చిన్నమాటని ఎనిమిది అంకెలుగా చెబితే ముందుగదిలో కూచున్న పెద్దాయన ఏం చేస్తాడు? ఈ సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్ళలో మాదాపూర్లో, గచ్చిబౌలిలో కూచునే మన పిల్లలు వేలమంది ఉన్నారు. వాళ్ళని నేను ప్రాధేయపడేది ఒక్కటే. కాదనే వాక్యం రాసేటప్పుడు, కాదన్నది ఎవరో అందులో రాయండి.

పెదనాన్న ఇంట్లో ఇప్పుడు రెండు డిస్కులూ తగిలించి ఉన్నాయి. ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కితే ఏది కావాలో అడుగుతుంది. పేపరుకీ మనవరాలికీ కొత్తది, అది నెట్‌కి కలిపి ఉంటుంది. పాత ఫైళ్ళకి విండోస్ 7, అందులో నెట్‌వర్క్ ఆపేశాను. పాత డిస్కుకి ఒక నకలు తీసి బీరువాలో పెట్టాం, ఈసారి మంచి ర్యామ్ ద్వారా. అనూలోంచి యూనికోడ్‌లోకి మార్చే పని కవితా సంపుటాలతో మొదలైంది. కన్వర్టర్ వత్తుల దగ్గర అక్కడక్కడా తడబడుతోంది, ఆయన పక్కన పాత పుస్తకం పెట్టుకుని ప్రూఫులు దిద్దుతున్నారు.

ప్రింటర్ ఇంకా మిగిలే ఉంది. డీటీపీ సెంటర్లలో బాగా తిరిగిన చిన్న లేజర్ ప్రింటర్ల రకం అది. తను నడవడానికి కావలసిన ఫర్మ్‌వేర్‌ని తన దగ్గర దాచుకోదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే దానికి పంపాలి. లినక్స్ చిట్టాలో చూస్తే డ్రైవర్ దొరికింది, ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదు అని స్పష్టంగా ఉంది. తయారీదారు షరతుల వల్ల ఆ ఫైలు డెబియన్‌తో కలిసి రాదు, విడిగా దింపుకోవాలి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు పెట్టి వస్తాను. అందాకా కాగితం మీద కావలసిందేదైనా ఆయన పాత డిస్కులోంచే తీసుకుంటున్నారు.